మూడో కిటికీ

మా అక్కని కోర్టు వీధిలో అందరూ దస్త్రాలక్క అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవర్నో అనుకుని ఆవిడే వెనక్కి తిరిగి చూస్తుంది. కోర్టు రికార్డు గదిలో నకళ్ళు రాసే పనిలో చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే రిటైరైంది. రిటైరైన మర్నాడు పొద్దున్నే మళ్ళీ అన్నం డబ్బా పట్టుకుని బయల్దేరుతుంటే, "ఎక్కడికి తల్లీ ప్రయాణం?" అన్నాను. "ఇంకా చూడాల్సినవి ఉన్నాయే" అంది. ఆ చూడాల్సినవి ఈ జన్మకి తెమిలేవి కావని నాకప్పుడే అర్థమైంది.

నేను ఆవిడ చెల్లెల్ని. కోర్టు గేటుకి ఎదురుగా ఉన్న జిరాక్స్ కొట్టు నాది. మా ఆయన పోయాక అక్క ఇంటికి చేరాను, చేరినదాన్ని చేరినట్టే ఉండిపోయాను. అక్క పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదండీ" అంటుంది, అదేదో కరెంటు బిల్లు కట్టడానికి తీరిక దొరకనట్టు. ఇంట్లో మాట్లాడేది నేను, వినేది ఆవిడ. విన్నట్టు తలూపుతుంది గానీ బుర్ర ఎప్పుడూ ఆ గదిలోనే ఉంటుంది. పాలు పొంగిపోతున్నా కదలని మనిషి, ఏ పుస్తకంలో ఎన్నో పేజీ చెద తిన్నదో మాత్రం ఠకీమని చెప్తుంది.

ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళందరిదీ ఒకటే గోల. మా తాత తండ్రి ఎవరు, ఎక్కడుండేవాడు, ఏం చేసేవాడు? అక్క ముందు పన్నుల పుస్తకాలు తీస్తుంది. ఈ ఊళ్ళో ఇంటి పన్ను వేయడం మొదలెట్టిన రోజుల్లోవి అవి. ఏ వీధిలో ఏ ఇల్లు ఎవరిది, పొయ్యిలెన్ని, మేకలెన్ని, కిటికీలెన్ని అని వరసగా రాసి ఉంటుంది. అవును, కిటికీకి కూడా పన్నే. వెలుతురు మీద పన్నేసిన మహానుభావులు! ఆ తరవాత కోర్టు కట్టలు విప్పుతుంది. అందులో ఎవరు ఎవర్ని ఏమని తిట్టారో, ఎవరి మేక ఎవరి తోట మేసిందో అంతా ఉంటుంది. తన ముత్తాత జమీందారని చెప్పుకు తిరిగే ఒక వకీలుగారికి, ఆ ముత్తాత పొరుగువాడి కోళ్ళని దాచేసి జరిమానా కట్టిన కాగితం దొరికింది. ఆయన చాన్నాళ్ళు మా కొట్టు వైపు మొహం కూడా తిప్పలేదు, జిరాక్సులన్నీ బస్టాండు దగ్గర తీయించుకున్నాడు.

అక్కకో పట్టింపు ఉంది. ఒక మనిషి గురించి రెండు చోట్ల ఒకే మాట కనపడితేగానీ నోరు విప్పదు. పన్నుల పుస్తకమూ కోర్టు కట్టా ఒప్పుకోవాలి. ఎందుకంటే పేర్లు మోసం చేస్తాయి. ఒకే వీధిలో ఒకే పేరున్నవాళ్ళు ఇద్దరుంటే, పన్ను రాసే గుమస్తా వయసులో ముదిరినవాడి పేరు పక్కన 'పెద్ద' అనీ, రెండోవాడి పక్కన 'చిన్న' అనీ రాసుకునేవాడు. వాళ్ళు తండ్రీకొడుకులు కానక్కర్లేదు, చుట్టాలు కూడా కానక్కర్లేదు. పెద్ద అన్నవాడు పోతే మరుసటి ఏడు చిన్నవాడు పెద్ద అయిపోతాడు. అదే పేరుతో వీధిలోకి ఇంకొకడు దిగితే వాడు చిన్న. బళ్ళో ముందు బెంచీ పిల్లాడు మానేస్తే వెనకవాళ్ళు జరిగి కూర్చున్నట్టన్నమాట. రికార్డు గదిలోకి వచ్చిన ప్రతి కొత్త గుమస్తాకీ అక్క ఈ సంగతి చెవినిల్లు కట్టుకుని చెప్పేది. అన్నం వడ్డిస్తుంటే నాకూ చెప్పేది. అందుకే ఇదంతా నాకు నోటికొచ్చు.

అంత తెలిసిన మనిషే తప్పు చేసింది.

మా వీధి చివర గడియారాలు బాగుచేసే ఆయన ఉన్నాడు. అతి నెమ్మదైన మనిషి. పోయినేడు ఒక పొద్దున వాళ్ళమ్మని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ మా ఇంటికి తీసుకొచ్చాడు. ఆవిడకి ఎనభై ఎప్పుడో దాటాయి. చంకలో తువ్వాల్లో చుట్టిన వస్తువేదో ఉంది. కూర్చోమంటే కూర్చోకుండా అక్కని ఎగాదిగా చూసింది.

"పోయినవాళ్ళని వెతికిపెట్టేది నువ్వేనా అమ్మాయ్?"

"పేర్లు వెతుకుతానండీ పెద్దమ్మగారూ. మనుషులు దొరకరు" అంది అక్క.

"పేరుతో నాకేం పని? పేరు నాకు తెలుసు. మా నాన్న ఎందుకు రాలేదో చెప్పు, చాలు."

అప్పుడు కూర్చుని తువ్వాలు విప్పింది. లోపల ఒక చిత్రిక ఉంది, చెక్కని నునుపు చేసే పనిముట్టు. అరచేతిలో పట్టేంత చిన్నది, పిడి అరిగి నల్లగా మెరుస్తోంది. వాళ్ళ నాన్న పీపాలు చేసే వడ్రంగి. ఊళ్ళో జ్వరాలు వచ్చిన ఏడు తల్లి పోయింది. తండ్రి ఈ చిన్నపిల్లని వేరే ఊళ్ళో పిన్ని దగ్గర దింపి, "పని చూసుకుని వస్తానమ్మా, అందాకా ఇది దాచు" అని చిత్రిక చేతిలో పెట్టి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. పిన్నిని అడిగితే "పెద్దవాళ్ళ సంగతులు నీకెందుకు" అనేది. ఆ పిన్నీ పోయింది. ఈవిడ పెళ్ళయ్యాక మళ్ళీ ఈ ఊరే చేరింది గానీ, తండ్రిని ఎరిగినవాళ్ళెవరూ మిగల్లేదు.

"పనిముట్టు వదిలేసి వెళ్ళిన పనివాడు వస్తాడు కదమ్మా" అంది. "వస్తాననే కదా వదిలాడు? మరెందుకు రాలేదు? నన్ను వదిలించుకున్నాడా? పోయేలోగా నాకది తెలియాలి."

ఆ మాట అంటున్నప్పుడు కొడుకు తల దించుకుని చేతి గడియారానికి కీ ఇస్తూ కూర్చున్నాడు. చిన్నప్పట్నుంచీ వింటున్న ప్రశ్నలా ఉంది.

తండ్రి గురించి ఏం గుర్తుందని అక్క అడిగింది. ముసలావిడ మొహం వెలిగిపోయింది. భుజాల మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పేవాడట. ఇంటికి మూడు కిటికీలుండేవట. పన్నులాయన వీధిలోకి వస్తున్నాడని తెలియగానే నాన్న పరుగున వచ్చి, వెనక గది కిటికీకి లోపల్నుంచీ బయట్నుంచీ పలకలు బిగించేసి, "నోరెత్తావంటే చూడు" అని వేలు చూపించేవాడట. ఇద్దరూ ఆ చీకట్లో నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వాపుకునేవాళ్ళట. ఆ నవ్వు చెబుతూ ఆవిడ ఇప్పుడూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్క కూడా నవ్వింది. కానీ ఆ ముక్క ఎక్కడా రాసుకోలేదు. మనుషుల జ్ఞాపకాలు అక్క లెక్కలోకి రావు, కాగితం మీద ఉంటేనే ఉన్నట్టు.

ఆ మర్నాడే వెతుకులాట మొదలైంది. జ్వరాలకి ముందు ఏటి పన్నుల పుస్తకంలో ఆ పేరున్నవాళ్ళు ఇద్దరు కనపడ్డారు. ఒకడు వీధి మొదట్లో ఉండే ముసలి మనిషి, అతని పక్కన 'పెద్ద'. రెండోవాడు పీపాల వడ్రంగి, అతని పక్కన 'చిన్న'. అంటే ఈవిడ నాన్న చిన్నవాడన్నమాట. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తరవాతి ఏటి పుస్తకం కుట్లు ఊడి బైండింగుకి వెళ్ళింది. ఇంకా అట్టకి జిగురు కూడా పూయలేదన్నాడు ఆ బైండింగాయన. ఈలోగా కోర్టు కట్టల్లో, సరిగ్గా ఆ ఏడాదిదే, ఒక కేసు దొరికింది. కలప అడితి తగలబడింది. పక్క వీధి రొట్టెల కొట్టాయన దీపం పట్టుకుని లోపలికి వెళ్తుంటే కళ్ళారా చూశానని ఒకడు సాక్ష్యం చెప్పాడు. రొట్టెలాయన్ని జైల్లో వేశారు, అక్కడే పోయాడు. తరవాత ఆ సాక్ష్యం పచ్చి అబద్ధమని, పాత పగతో చెప్పాడని తేలి, సాక్షినీ జైలుకి పంపారు. సాక్షి పేరు అదే పేరు. వీధి అదే వీధి. పక్కన 'చిన్న' అని స్పష్టంగా ఉంది.

ఆగి ఉండాల్సింది. బైండింగుకి వెళ్ళిన పుస్తకం వచ్చేదాకా నోరు మూసుకుని ఉండాల్సింది. అక్క కొత్త గుమస్తాలకి చెప్పే పాఠమే అది. కానీ గడియారాలాయన రోజూ కొట్టు కట్టేశాక వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "ఏమైనా తెలిసిందాండీ? అమ్మ అడగమంది" అనేవాడు. పుస్తకం వచ్చేసరికి ముసలావిడ ఉంటుందో ఉండదోనని అక్క బెంగ. ఆ జాలి ఒక్కటే అయితే నేనూ ఏమీ అనను. దొరికిందన్న సంబరం కూడా ఉంది. ఆ రోజు మెట్లెక్కి వస్తున్నప్పుడే మొహం చూస్తే తెలిసిపోయింది నాకు.

అక్క చెప్పింది. నేనూ పక్కనే ఉన్నాను. గడియారాల కొట్టు వెనక గదిలో, గోడ నిండా గడియారాలు తలో టైమూ చూపిస్తుంటే, నకలు రాసుకున్న కాగితం చదివి వినిపించింది. ముసలావిడ చిత్రిక ఒళ్ళో పెట్టుకుని వింది.

"ఇంకోసారి చదువు."

అక్క ఇంకోసారి చదివింది.

"జైల్లో పోయిన ఆ రొట్టెలాయనకి ఎవరైనా ఉన్నారా?"

"మనవడున్నాడండీ. పక్క వీధిలో రొట్టెల కొట్టు ఆయనదే."

మేము వచ్చేస్తుంటే ముసలావిడ వెనక నుంచి, "మంచిదమ్మా, నాకు చెప్పావు" అంది. ఆ గొంతులో జీవం లేదు.

మర్నాడు పొద్దున రొట్టెల కొట్టు ముందు వరసలో నేనున్నాను. నా ముందు నలుగురో ఐదుగురో ఉన్నారు. కొడుక్కి కూడా చెప్పకుండా, గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది ముసలావిడ. అందరూ దారి ఇస్తున్నా వద్దని వరసలోనే నిలబడింది. తన వంతు వచ్చాక రెండు చేతులూ జోడించి, వీధంతా వినపడేలా, "బాబూ, మా నాన్న అబద్ధపు సాక్ష్యం చెప్పి మీ తాతని జైలుపాలు చేసి చంపాడు. నేను ఆ పాపిష్టివాడి కూతుర్ని. నన్ను క్షమించు" అంది. రొట్టెలాయన చేతిలో పట్టుకారు అలాగే ఉండిపోయింది. ఏం చెయ్యాలో తెలీక పాపం ఆయన ఒక వేడి రొట్టె కాగితంలో చుట్టి ఆవిడ చేతిలో పెట్టాడు. అప్పట్నుంచీ వారం వారం తనే వెళ్ళి ఒక రొట్టె ఇచ్చి వచ్చేవాడు. ఆవిడ తీసుకునేది గానీ ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టుకునేది కాదట. "ఆ ఇంటి తిండి తినే మొహమా నాది" అనేదట.

చిత్రికని కొడుకు చేతికిచ్చి, నా కళ్ళ ముందు నుంచి తీసెయ్యి, ఇంట్లో ఉంచకు అందట. పాత సామాన్లవాడు వస్తే అతను ఇచ్చేశాడు. ఇవన్నీ గడియారాలాయన మాకు చెబుతుంటే అక్క కాసేపు గుమ్మం వైపు చూసి, "నిజం నిజమే కదే" అంది నాతో. నేను అవునన్నాను. ఏమనమంటారు మరి?

నెలలు గడిచాయి. బైండింగు నుంచి పుస్తకం వచ్చింది. కుట్లు గట్టిగా వేశాడో లేదో చూద్దామని అక్క ఊరికే అట్ట తెరిచి పేజీలు తిప్పింది. అంతే.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకుంది, తాగలేదు.

"ముసలి పెద్ద జ్వరాల్లో పోయాడే" అంది చాలాసేపటికి.

"ఏ ముసలి పెద్ద?"

"ఆ వీధి మొదటి ఇంటాయన. ఆయన పోతే వడ్రంగి పెద్ద అయిపోయాడు. అదే పేరుతో ఎవడో కొత్తవాడు వేరే ఇంటి వెనక గదిలో అద్దెకి దిగాడు. ఆ గదికి కిటికీ కూడా లేదు. వాడు చిన్న. సాక్ష్యం చెప్పింది వాడే."

"మరి వడ్రంగి?"

"అతని పేరు కొట్టేసి పక్కన రాశారు. వంతెన పనిలో నీళ్ళల్లో పడి చనిపోయాడు, పన్ను రద్దు అని. కలప అడితి తగలబడడానికి ముందే. కోర్టులో సాక్ష్యం జరిగే నాటికి ఆ మనిషి భూమ్మీదే లేడే." గ్లాసు కింద పెట్టి, "ఇంటి వివరంలో పొయ్యి ఒకటి, కిటికీలు రెండు అని ఉంది. ఆవిడ చెప్పింది కదా, మూడోది మూసేసేవాడని. అన్నీ ఆవిడ నోటితోనే చెప్పింది. నేను వినలేదు" అంది. ఏడవలేదు. ఏడిస్తే బావుండుననిపించింది నాకు.

ఇక్కడ నా బుద్ధి కూడా చెప్పాలి. నేను ఊరుకోమన్నాను. "చూడక్కా, ఆ పుస్తకం నువ్వు తప్ప ఇంకో పురుగు తెరవదు. ఆవిడ ఎలాగో సర్దుకుంది. రొట్టెలాయన కూడా మంచిగా ఉంటున్నాడు. ఇప్పుడు వెళ్ళి కెలికావంటే నీ ఇన్నేళ్ళ పేరూ గంగలో కలుస్తుంది. ఎవడికి తెలుస్తుంది చెప్పు?" అన్నాను. అక్క నన్ను పురుగుని చూసినట్టు చూసింది. కానీ వెళ్ళనూ లేదు. అదీ ఆవిడ సంగతి. రేపు వెళ్తానంటుంది, రేపొస్తే గడియారాల కొట్టు ముందు నుంచి వెళ్ళాల్సొస్తుందని చుట్టూ తిరిగి వెనక సందులోంచి కోర్టుకి పోతుంది. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతుంది. రికార్డు గదికి ఎవరైనా తాతల గురించి అడగడానికి వస్తే ఒంట్లో బాలేదని పంపించేస్తుంది. నేను కసురుకున్నాను, బతిమాలాను, ఒకపూట మాట్లాడ్డం మానేశాను. ఏం లాభం? ఇద్దరం ఒక ఇంట్లో ఉండి ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

నా చేతి గడియారం ఆగిపోయింది ఒకరోజు. బాటరీ వేయించుకుందామని ఆ కొట్టుకే వెళ్ళాను. వెనక గది తలుపు తీసి ఉంది. ముసలావిడ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నా గొంతు విని అటే తిరిగి ఉండి అడిగింది.

"మీ అక్క కులాసానా? కనపడ్డమే లేదు."

"బాగానే ఉందండీ."

"బాగుండాలి తల్లీ. ఇన్నేళ్ళలో నాకు నిజం చెప్పింది ఆవిడొక్కతే. మా పిన్ని కూడా చెప్పలేదు. నేనే పిచ్చిదాన్ని, ఆ మనిషి కోసం గుమ్మం వైపు చూస్తూ పెరిగాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది. రోజూ తిట్టుకుంటున్నాను. నోరారా తిడుతున్నాను."

బాటరీ వేయించుకోకుండానే తిరిగొచ్చేశాను. నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. ఊరుకోమని చెప్పిన నోరు ఇదే కదా. కొట్టు షట్టరు దించి సరాసరి రికార్డు గదికి వెళ్ళి, "లే అక్కా. ఆ నకలు పట్టుకో. ఇప్పుడే వెళ్దాం" అన్నాను. అక్క లేచింది. అప్పటికే నకలు రాసి సంచీలో పెట్టుకుని ఉంది. ఎన్ని రోజుల్నుంచి మోస్తోందో, మడతల దగ్గర కాగితం చిరగడానికి వచ్చింది.

గడియారాలాయన మమ్మల్ని చూసి కంటికి పెట్టుకున్న భూతద్దం తీశాడు. అక్క ముసలావిడ మంచం పక్కన నేల మీద కూర్చుంది, కుర్చీ ఉన్నా. "పెద్దమ్మగారూ, నేను తప్పు చేశాను. మీ నాన్నగారు సాక్ష్యం చెప్పలేదు. వేరే మనిషి" అని మొదలుపెట్టి, పెద్ద చిన్నల సంగతి, బైండింగుకి వెళ్ళిన పుస్తకం, తను ఆగకపోవడం, ఇన్ని రోజులూ దాచడం, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. తనకి ఒక్క సాకు కూడా వెతుక్కోలేదు. చివర్న కాగితం చదివింది. వంతెన పనిలో నీళ్ళల్లో పడి చనిపోయాడు. పన్ను రద్దు.

ముసలావిడ లేచి కూర్చుంది.

"రావడానికి లేకపోయిందన్నమాట" అంది. "పనికెళ్ళి పోయాడన్నమాట. నన్ను వదిలించుకోలేదు."

"లేదండీ."

ఆవిడ చెయ్యి పక్క మీద తడుముకుంది. తలగడ కింద చూసుకుంది. "ఒరేయ్, నాన్న చిత్రిక ఏదిరా?"

కొడుకు మొహం పాలిపోయింది. "నువ్వే కదమ్మా తీసెయ్యమన్నావు..."

"నేనే" అంది. "నేనే అన్నాను."

ఆ గదిలో అన్ని గడియారాలున్నాయని నాకప్పుడే వినపడింది. అక్క ఆవిడ కాళ్ళ మీద చెయ్యి వేసి, "నన్ను తిట్టండి పెద్దమ్మగారూ. కొట్టినా పడతాను" అంది. అప్పుడిక ఏడుపు ఆగలేదు అక్కకి.

"నిన్నెందుకు తిడతాను? నువ్వు కాగితం చూసి నమ్మావు. నీకు ఆయనెవరో తెలీదు. నేను ఆయన భుజాలెక్కి తిరిగినదాన్ని. నేనెలా నమ్మానమ్మాయ్?" అంది ముసలావిడ. "వీధిలో నిలబడి, అంతమంది ముందు, మా నాన్న పాపిష్టివాడని చెప్పాను. అబద్ధపు సాక్ష్యం చెప్పింది నేనే కదా."

"చెప్పించింది నేనండీ" అంది అక్క.

మేము అక్కడికి అక్క గుండె బరువు దింపడానికి వెళ్ళాం. ఆ బరువు తీసుకెళ్ళి ఆ పండుముసలి నెత్తిన పెట్టాం. అక్కది మాత్రం ఏమైనా తగ్గిందా అంటే, రవ్వంత కూడా తగ్గలేదు.

ముసలావిడ కళ్ళు తుడుచుకుని కాళ్ళు కిందకి దించింది. "పదండి. ఎక్కడ చెప్పానో అక్కడే చెప్పాలి."

"రేపు వెళ్దాంలే అమ్మా, ఎండగా ఉంది" అన్నాడు కొడుకు.

"రేపటిదాకా ఆయనకెందుకురా ఆ పేరు?"

నలుగురం వెళ్ళాం. సాయంత్రం రొట్టెలు దింపే వేళ, వరస రోడ్డు మలుపు దాకా ఉంది. ఆవిడ మళ్ళీ వరసలోనే నిలబడతానంది. అక్క చెయ్యి మాత్రం వదల్లేదు. మా వంతు వచ్చింది. ముసలావిడ నోరు తెరవబోతుంటే అక్క ముందుకి జరిగింది. జీవితమంతా గొంతు పైకెత్తని మనిషి, రికార్డు గదిలో గుసగుసలు తప్ప ఎరగని మనిషి, అరిచినట్టే చెప్పింది.

"అందరూ వినండి. ఈవిడ నాన్నగారు ఎవరి మీదా అబద్ధం చెప్పలేదు. వంతెన కడుతూ నీళ్ళల్లో పడి పోయారు. పేరు కలిసిందని నేనే ఆయన మీద నింద వేశాను. తప్పు నాది."

వెనక ఎవరో "దస్త్రాలక్కేనా?" అన్నారు. వకీలుగారు కూడా వరసలో ఉన్నాడు, ఖర్మ. ఆయన నవ్వుతాడేమోనని చూశాను. తల దించుకుని నిలబడ్డాడు.

రొట్టెలాయన చేతులు ఏప్రానుకి తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. ఇబ్బందిగా మెడ రుద్దుకున్నాడు. "పెద్దమ్మా, నేనో మాట చెప్పాలి. మా తాత జైలుకెళ్ళాడని మీరు ఆ రోజు చెప్పేదాకా మాకు తెలీదు. దూరదేశం వెళ్ళి అక్కడే చనిపోయాడనే చెప్పేవాళ్ళు మా ఇంట్లో. మా నాన్న ఆ మాటే నమ్మి పోయాడు."

అక్క మొహం చూడలేకపోయాను. ఆ ఒక్క కాగితం ఎన్ని ఇళ్ళల్లోకి దూరిందో అప్పుడే తెలిసింది ఆవిడకి.

"మరి ఏం చేశావు బాబూ, తెలిశాక?" అంది ముసలావిడ.

"ఏం చేస్తాను? తప్పు చెయ్యని మనిషని కూడా మీరే చెప్పారు కదా. ఫోటో తీసి కొట్లో పెట్టుకున్నాను" అని లోపలికి చూపించాడు. బల్ల వెనక గోడకి పాత ఫోటో వేలాడుతోంది, మీసాలు పిండి కొట్టినట్టు తెల్లగా. ఆయన ఒక రొట్టె కాగితంలో చుట్టి ఇచ్చాడు. ముసలావిడ కాగితం విప్పి, అక్కడే, అందరి ముందే ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమలడానికి చాలాసేపు పట్టింది.

పాత సామాన్లవాడి దగ్గర ఆ చిత్రిక దొరకలేదు. అక్క ఊళ్ళో ఉన్న ఆ బాపతు కొట్లన్నీ తిరిగింది, ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ప్రతి ఆదివారం గడియారాల కొట్టుకి వెళ్తుంది. నేనూ వెంట వెళ్తాను. ముసలావిడ ఎప్పుడూ ఒకటే అడుగుతుంది. "చదువమ్మాయ్, మా నాన్న ముక్క చదువు." అక్క ఆ పన్నుల పుస్తకంలో వాక్యం మొదట్నుంచి చదువుతుంది. వీధి, ఇల్లు, పేరు, పక్కన పెద్ద. పొయ్యి ఒకటి. మేకలు లేవు. కిటికీలు రెండు.

"మూడు" అంటుంది ముసలావిడ.

పోయిన ఆదివారం కూడా అలాగే అంది. అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఆ ఒక్క అబద్ధమే తల్లీ, మా నాన్న ఆడింది" అంది.

నేనూ కొడుకూ నవ్వాం. అక్క నవ్వలేదు. కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, "వచ్చే వారం మళ్ళీ వస్తానండీ" అంది.